ఆగతుల ఇల్లు, అనాగతుల ఇల్లు: ఖరగ్‌పూర్ ట్రాఫిక్ వాడ, వినయపిటకంలోని గృహరక్షణ విధులు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న వాడల్లో ‘ట్రాఫిక్’ ఒకటి. రైల్వేలోని ఒక శాఖ పేరు అక్కడ వాడపేరుగా నిలిచిపోయింది. మథురాకాటి, నింపురా, పాత సెటిల్‌మెంటు, కొత్త సెటిల్‌మెంటు వంటి ఇతర వాడల్లోనూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లిన కుటుంబాలు అనేకం ఉన్నాయి. బెజవాడ నుంచి కటకం వరకు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893–1896 మధ్య నిర్మాణమైంది. 1902లో దాని ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ కంపెనీయే 19వ శతాబ్ది చివరి సంవత్సరాల్లో మేదినీపూర్ ఎర్రమట్టి మెట్టమీద ఖరగ్‌పూర్ జంక్షనును, తరువాత కర్మాగారాన్ని నెలకొల్పింది. పట్టాల వెంట పని, పని వెంట క్వార్టరు, క్వార్టరు వెంట కుటుంబం ఆ ఊరికి చేరాయి.

బౌద్ధ చరిత్ర పరిశోధకులకు ఈ ఊరు మరొక విధంగా ఆసక్తికరమైనది. దీనికి తూర్పున రూపనారాయణ నది సమీపంలో తామ్రలిప్తి, అనగా నేటి తమ్లుక్, ఉంది. దక్షిణాన దాంతన్ దగ్గర, నెకుర్‌సేని స్టేషనుకు చేరువలో, మొఘల్‌మారి దిబ్బ ఉంది. అక్కడ 2003–04లో కలకత్తా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అశోక్ దత్తా ప్రారంభించిన తవ్వకాల్లో ఇటుకలతో కట్టిన మహావిహారం, గోడలమీద సున్నపు గచ్చుతో తీర్చిన ప్రతిమలు వెలుగులోకి వచ్చాయి. ట్రాఫిక్ వాడలో నివసించే తెలుగు ఉద్యోగి స్వగ్రామానికి వెళితే శాలిహుండం, తొట్లకొండ, బావికొండ కనిపిస్తాయి. ఉద్యోగస్థలానికి తిరిగివస్తే తామ్రలిప్తి, మొఘల్‌మారి కనిపిస్తాయి. రెండు కొసలా విహారాల శిథిలాలే. నడుమ ఉన్నది అతడు అద్దెకో, కేటాయింపుమీదనో ఉంటున్న ఇల్లు.

ఆ ఇంటిని గురించి, విహారాన్ని గురించి ఒకే ప్రశ్న వేయవచ్చు. తనది కాని ఇంటిని కనిపెట్టుకొని ఉండవలసినవారు ఎవరు? రైల్వే క్వార్టరు ఉద్యోగిది కాదు; బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా దానిని అప్పగించి వెళ్లాలి. విహారమూ అందులో నివసించే భిక్షువుది కాదు. దానపత్రాల భాషలో అది ‘ఆగతానాగత చాతుద్దిస సంఘా’నిది. వచ్చినవారిది, ఇంకా రానివారిది, నాలుగు దిక్కులది. తాను యజమాని కాని చోట పైకప్పు కారితే ‘నాకెందుకు’ అనుకోవడం మనుష్య స్వభావం. వినయపిటకంలో, ముఖ్యంగా చుల్లవగ్గంలోని సేనాసనక్ఖంధకంలోనూ వత్తక్ఖంధకంలోనూ, ఈ స్వభావాన్ని ఎదుర్కొనే ప్రయత్నం సవివరంగా కనబడుతుంది. మన పరిశోధనల్లో ఆ రెండు అధ్యాయాలు వాస్తుశాస్త్రం కోసం ఉదాహృతమైనంతగా సంరక్షణశాస్త్రం కోసం ఉదాహృతం కాలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మేదినీపూర్ మెట్టనేల స్వభావాన్ని ముందుగా గమనించాలి. ఛోటానాగపూర్ పీఠభూమి తూర్పు అంచున ఉన్న ఈ ఎర్రమట్టి, అనగా లాటరైటు, ఎండకాలంలో రాయిలా బిగుస్తుంది. చైత్ర వైశాఖాల్లో గాలి పొడిగా వీస్తుంది; నిప్పు భయం అప్పుడే. తరువాత సాయంవేళల్లో వచ్చే గాలివానను బెంగాలీలు ‘కాల్‌బైశాఖి’ అంటారు. రేకులు లేచిపోయేవి, పెంకులు జారేవి ఆ వానకే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వర్షాకాలం. ఏడాదిలో కురిసే సుమారు 1500 మిల్లీమీటర్ల వానలో అధికభాగం ఆ నాలుగు నెలల్లోనే పడుతుంది. వానలు వెనుకబడిన పిదప నిలిచిన నీరు, దోమ, జ్వరం. నిప్పు, గాలి, నీరు, రోగం ఏటా ఒక వరుసలో వస్తాయి. మగధ, కోసల దేశాల్లో సంఘం ఎదుర్కొన్న ఋతుచక్రం దీనికి దగ్గరిదే.

మహావగ్గంలోని వర్షావాసపు అధ్యాయం ఈ భయాలను దాచకుండా పేరు పెట్టి చెబుతుంది. వర్షావాసం స్వీకరించిన భిక్షువు మూడు నెలలు ఆ చోటు విడువరాదన్నది సాధారణ నియమం. అయితే సేనాసనం అగ్నికి ఆహుతి అయినా, నీటికి కొట్టుకుపోయినా, క్రూరమృగాలో పాములో దొంగలో బాధించినా అక్కడి నుంచి వెళ్లవచ్చు, దోషం లేదు. మరొక సడలింపు ఇంతకంటె ఆసక్తికరం. సంఘానికి చెందిన విహారం ఒకటి పడిపోయే స్థితిలో ఉంది. ఒక ఉపాసకుడు అడవిలో కలప కొట్టించి, మీరు తీసుకువెళ్లగలిగితే ఇస్తానని కబురు చేశాడు. వర్షావాసంలో ఉన్న భిక్షువు వెళ్లవచ్చునా? వెళ్లవచ్చు, ఏడు రోజుల్లో తిరిగిరావాలి. పడిపోతున్న కప్పును నిలబెట్టడం వర్షావాస నియమాన్ని సైతం తాత్కాలికంగా సడలించదగిన సంఘకార్యమన్నమాట. ఇంకొక వైపు, చెట్టుతొర్రలోనో, ఆరుబయటనో, గొడుగు కిందనో, పెద్ద కాగులోనో వర్షావాసం గడపరాదని నిషేధించారు. వానకు ముందే కప్పు చూసుకోవలసిన బాధ్యతను ఈ నిషేధమే పరోక్షంగా భిక్షువుమీద మోపింది.

నీటి విషయంలో సేనాసనక్ఖంధకం చెప్పే క్రమం నేటి కట్టుబడి మేస్త్రీకి కొత్తగా తోచదు. విహారాలు పల్లపు నేలమీద ఉండి నీటమునిగితే పునాది అరుగు ఎత్తు చేయమన్నారు. ఎత్తు చేసిన మట్టి కూలిపోతుంటే ఇటుకతోనో, రాతితోనో, కలపతోనో చుట్టూ కట్టడం కట్టమన్నారు. ఎక్కడానికి ఇబ్బంది అయితే మెట్లు. మెట్లమీద జారిపడితే పట్టుకోవడానికి ఊత. ఆవరణ బురద అయితే మొరం చల్లమన్నారు, అది చాలకపోతే రాతిపలకలు పరవమన్నారు, అప్పటికీ నీరు నిలిస్తే కాలువ తీయమన్నారు. ప్రతి అనుజ్ఞా ఒక ఫిర్యాదు తరువాతనే వస్తుంది. ముందుగా గీసిన ప్రణాళిక ఎక్కడా లేదు. ఒక దోషాన్ని దిద్దితే మరొక దోషం బయటపడుతుంది, దానిని దిద్దుతారు. పాత ఇంటిని కాపాడినవారెవరికైనా ఈ అనుభవం తెలిసినదే.

గోడల విషయమూ అంతే. తెల్లసున్నం అంటకపోతే ఊక కలిపిన మట్టి పూయమని, తాపీతో నున్నగా చేయమని చెప్పారు. పైకప్పుకు ఇటుక, రాయి, గచ్చు, గడ్డి, ఆకు అనే అయిదు కప్పులను అనుమతించారు. నేలమీద పల్లంగా ఉన్న మంచంమీద పడుకొన్న ఒక భిక్షువును పాము కరిచినందువల్ల మంచపుకోళ్ల కింద ఎత్తుదిమ్మలు పెట్టడానికి అనుమతి వచ్చింది, ఎనిమిది అంగుళాలకు మించకుండా. ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు. రైల్వే క్వార్టర్లలో మంచపుకోళ్ల కింద ఇటుకలు పెట్టే అలవాటును చూసినవారికి ఇది చదివినప్పుడు చిరునవ్వు రాకమానదు.

మరమ్మతు ఎక్కువైతే ఏమవుతుందో చెప్పే కథ కూడ వినయంలో ఉంది. పాచిత్తియాల్లో పంతొమ్మిదవ దానికి అది మూలం. కౌశాంబిలో ఘోషితారామంలో ఛన్నుడనే భిక్షువుకు అతని దాయకుడైన మహామాత్రుడు విహారం కట్టించాడు. పని పూర్తయింది. ఛన్నుడు పూర్తయిన విహారానికి మళ్లీ మళ్లీ కప్పు వేయించాడు, మళ్లీ మళ్లీ మెత్తించాడు. బరువు మోయలేక విహారం కూలిపోయింది. ఆపై గడ్డీ కర్రా పోగుచేసే హడావుడిలో ఒక బ్రాహ్మణుని యవల పొలం పాడుచేశాడు. అప్పుడు నియమం ఏర్పడింది: ద్వారబంధం, గడియ, కిటికీ పనులు పూర్తయ్యేంతవరకు రెండు మూడు పొరల కప్పు వేయించవచ్చు, అదీ పైరు లేని చోట నిలబడి చూసుకోవాలి. పాత పొరను తొలగించకుండా దానిమీదనే కొత్త పొర వేయడం నేటికీ మనం చేస్తున్న తప్పు. కారిన డాబామీద మళ్లీ సిమెంటు, పొడిబారని గోడమీద మళ్లీ రంగు. లోపలి తేమ అక్కడే ఉంటుంది, బరువు మాత్రం పెరుగుతుంది. సున్నపు గచ్చు కట్టడాలకు సిమెంటు పూత హాని చేస్తుందని వారసత్వ సంరక్షకులు నేడు గట్టిగా చెబుతున్నారు. సున్నం గోడలోని తేమను బయటికి వెళ్లనిస్తుంది; సిమెంటు దానిని లోపలే బంధిస్తుంది. మొఘల్‌మారి గచ్చుబొమ్మల వంటివాటి విషయంలో ఈ భేదం ప్రాణప్రదమైనది.

నిప్పు గురించిన విధులు ఇంకొంచెం విస్తారం. యాభై ఆరవ పాచిత్తియానికి మూలమైన సంఘటన భగ్గ దేశంలోని సుంసుమారగిరి దగ్గర జరిగింది. చలికాలంలో భిక్షువులు కొందరు బోలుగా ఉన్న పెద్ద దుంగను తగులబెట్టి చలి కాగుతుండగా, వేడికి లోపలి నల్లత్రాచు బయటికి వచ్చి తరిమింది. రోగి కాని భిక్షువు చలి కాగడానికి నిప్పు రాజేయరాదన్న నియమం అప్పుడు ఏర్పడింది. దీపానికి, అగ్నిశాలకు, జంతాఘరానికి, అనగా ఆవిరిస్నానపు గదికి, మినహాయింపు ఉంది. నిప్పు ఉండవలసిన చోటు నిర్ణయించి, ఆ చోటును కట్టుదిట్టం చేయడమే ఈ ఆలోచనలోని సారం. జంతాఘరం చిన్నదైతే పొయ్యి ఒక ప్రక్కన, పెద్దదైతే మధ్యన ఉండాలి. పొగ వెళ్లడానికి గొట్టం కావాలి. గడ్డికప్పు నుంచి రాలే పొడి లోపల పడకుండా లోపలా బయటా మెత్తాలి. నీరు పోవడానికి తూము ఉండాలి. చివరగా వత్తక్ఖంధకం ఒక మాట చేరుస్తుంది: అందరికంటె వెనుక బయటికి వచ్చేవాడు బురదగా ఉంటే కడిగి, పీటలు సర్ది, నిప్పు ఆర్పి, తలుపు వేసి వెళ్లాలి. బాధ్యత పదవినిబట్టి రాలేదు. చివర మిగిలినవానికి చేరింది.

అడవిలో కార్చిచ్చు వచ్చినప్పుడు ఎదురు నిప్పు పెట్టడానికి, రక్షణ చేసుకోవడానికి చుల్లవగ్గంలో అనుమతి ఉంది. ప్రాణిహింస భయంతో భిక్షువులు సందేహించగా బుద్ధుడు అనుమతించాడు. అడవి శాఖలు నేటికీ వాడుతున్న పద్ధతే ఇది.

కట్టడాల చరిత్రలో నిప్పు చేసిన నష్టానికి శాసనసాక్ష్యం తూర్పు భారతంలోనే లభిస్తుంది. పాలరాజు మొదటి మహీపాలుని పదకొండవ రాజ్యసంవత్సరపు నలందా శాసనం అగ్నిదాహానికి గురైన కట్టడాన్ని బాలాదిత్యుడనే వాడు ఉద్ధరించాడని చెబుతుంది. నలందాలోనే దొరికిన విపులశ్రీమిత్రుని 12వ శతాబ్ది శాసనం, సోమపురంలో వంగాల సైన్యం ఇంటికి నిప్పు పెట్టగా బుద్ధుని పాదాలను విడువక కరుణాశ్రీమిత్రుడు మరణించిన సంగతిని స్మరిస్తుంది. శత్రువు పెట్టిన నిప్పే చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కుతుంది. దీపం ఒరిగి, పొయ్యిరవ్వ ఎగిరి కాలిపోయిన విహారాల లెక్క ఎవరూ రాయలేదు. తవ్వకాల్లో బూడిదపొర కనిపించిన ప్రతిచోటా దండయాత్రను ఊహించే అలవాటును మనం కొంత తగ్గించుకోవడం మంచిది.

ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో నిప్పు స్వరూపం మారుతూ వచ్చింది. ఆవిరి ఇంజన్ల కాలంలో వంట బొగ్గుపొయ్యిమీద. మూసిన గదిలో రాత్రంతా కణకణలాడే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్‌ను విడుస్తుంది. దానికి రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జంతాఘరంలోని పొగగొట్టం ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. స్టేషన్లలో ఇసుక నింపి ఎర్రరంగు వేసి వరుసగా తగిలించిన బకెట్లు ఆ కాలపు గుర్తు. నేడు భయం విద్యుత్ తీగల్లోనూ, గ్యాస్ సిలిండరు రబ్బరుగొట్టంలోనూ ఉంది. ఒక బల్బుకూ ఒక పంకాకూ సరిపడేలా వేసిన పాత తీగలమీద శీతలయంత్రం, నీటిహీటరు, ఇస్త్రీపెట్టె పడితే తీగ లోలోపల వేడెక్కుతుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే లావుపాటి తీగ చుట్టడం ఛన్నుని మూడో కప్పు వంటిదే: హెచ్చరికను నోరు నొక్కి, ప్రమాదాన్ని గోడ లోపలికి పంపడం. విద్యుత్తు వల్ల అంటుకొన్న మంటమీద నీళ్లు పోయరాదని, ముందు మెయిన్ ఆపాలని, పొడి ఇసుకగాని తగిన అగ్నిశామకంగాని వాడాలని ఇంట్లో పిల్లలకు సైతం తెలిసి ఉండాలి.

ఇక జ్వరం. బెంగాల్‌లో రైలు, జ్వరం కలిసి పెరిగాయన్న వాదం పాతది. 1860లలో ‘బర్ద్వాన్ జ్వరం’ పల్లెలను ఊడ్చిపెట్టినప్పుడు రాజా దిగంబర్ మిత్ర, రైలుకట్టలూ రోడ్డుకట్టలూ సహజమైన నీటిపారుదలను అడ్డగించడమే కారణమని వాదించాడు. కట్టకోసం మట్టి తవ్విన గుంటలు వానకు నిండి దోమల నిలయాలయ్యాయన్నది తరువాతి పరిశోధకులు నిర్ధారించిన విషయం. దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధం మాత్రం 1897 ఆగస్టు 20న సికిందరాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో పరాన్నజీవిని చూసేంతవరకు రుజువు కాలేదు. ఖరగ్‌పూర్ రూపుదిద్దుకొన్నది సరిగా ఆ సంవత్సరాల్లోనే. 1920లనాటికి బెంగాల్ నాగపూర్ రైల్వే తనకంటూ ఒక మలేరియా శాస్త్రవేత్తను నియమించుకొంది. ఆయన పేరు రోనాల్డ్ సీనియర్-వైట్. భారతీయ రైల్వేలపై మలేరియా ప్రభావాన్ని గురించి ఆయన చేసిన అధ్యయనం 1928లో ప్రచురితమైంది. తెలుగునేలమీద తేలిన సత్యం తెలుగువారు వలసవెళ్లిన రైలుమార్గంలో ఆచరణగా మారడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది.

వినయంలో దోమతెర ఉంది. మకసకుటిక అని దాని పేరు. భిక్షువులను దోమలు బాధించగా బుద్ధుడు అనుమతించాడు. అదే ప్రకరణంలో నీటి వడపోత గుడ్డలు, వాటికి కర్ర అమర్చి ఎక్కువ నీటిని వడకట్టే సాధనం కూడ వస్తాయి. అంతకుముందున్న కథ విషాదకరం. కోసలదేశపు దారిలో ఇద్దరు భిక్షువులు వెళుతున్నారు. ఒకనికి వడపోతగుడ్డ ఉంది, రెండవవానికి లేదు. ఇద్దరికీ ముందే మనస్పర్థ వచ్చింది. అడిగితే మొదటివాడు ఇవ్వలేదు. రెండవవాడు నీరు తాగక మరణించాడు. వడపోతగుడ్డ లేనిదే ప్రయాణం చేయరాదని, అడిగినవానికి ఇవ్వక మానరాదని నియమం వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వడపోత నియమానికి ప్రధాన ప్రయోజనం నీటిలోని ప్రాణులను కాపాడడం. తాగేవాని ఆరోగ్యం దానివెంట రావచ్చు, కాని గ్రంథం చెప్పిన కారణం అది కాదు. సూక్ష్మజీవులను గురించి బుద్ధునికి ముందే తెలుసునన్న ప్రచారం శాస్త్రానికీ ధర్మానికీ మేలు చేయదు. గుడ్డ పురుగును ఆపుతుంది, కలరా క్రిమిని పూర్తిగా ఆపజాలదు. తాగే నీటిని మరిగించవలసిందే, లేదా క్లోరిను కలపవలసిందే. అయినా రోజూ నీటిని కన్నుపెట్టి చూసే అలవాటుకు సొంత విలువ ఉంది. 673లో తామ్రలిప్తి రేవులో దిగిన చీనా భిక్షువు ఇత్సింగ్, నలందాకు వెళ్లేముందు అక్కడ ఏడాదిపాటు గడిపి విహారపు దినచర్యను నమోదు చేశాడు. ప్రతి ఉదయం విహార నిర్వాహకుడు బావినీటిని పరీక్షించేవాడనీ, ప్రాణులు లేకపోతే అలాగే వాడేవారనీ, ఉంటే వడకట్టేవారనీ రాశాడు. తాగే నీటి కుండ వేరు, శౌచపు నీటి పాత్ర వేరు అని విడదీయడాన్ని ఆయన ప్రత్యేకంగా ఒక ప్రకరణంలో వివరించాడు. ఖరగ్‌పూర్ నుంచి హౌరా రైలెక్కిన ప్రయాణికుడు మేచెదా దగ్గర దిగితే తమ్లుక్ దూరం కాదు. ఆ బావి ఎక్కడుందో ఎవరూ చూపలేరు గాని, ఆ దినచర్యను చూపడానికి ఇత్సింగ్ పుస్తకం ఉంది.

శౌచశాల విషయంలో వినయం చూపిన శ్రద్ధను పండితులు తరచు మొహమాటంతో దాటవేస్తారు. దాటవేయదగినది కాదు. సంఘచరిత్రలో పేరుమోసిన కౌశాంబి కలహానికి మూలం, అట్ఠకథ ప్రకారం, ఒక ధర్మకథికుడు శౌచపాత్రలో మిగిలిన నీటిని పారబోయకుండా వదిలిరావడమే. ఒక వినయధరుడు అది దోషమన్నాడు. మాటా మాటా పెరిగి సంఘం రెండుగా చీలింది. బుద్ధుడు నచ్చజెప్పలేక పారిలేయక వనానికి వెళ్లిపోయాడు. చెంబెడు నీళ్లకు ఇంత రభసా అని చాలామంది ఆశ్చర్యపడతారు. డెంగీ దోమ పాత్రల్లో నిలిచిన శుభ్రమైన నీటిలోనే గుడ్లు పెడుతుందని, వారం పది రోజుల్లో ఆ గుడ్డు రెక్కల దోమ అవుతుందని తెలిసిన మనకు ఆ చెంబెడు నీళ్లు అంత అల్పంగా తోచనక్కరలేదు. ఈ అన్వయం మనది, అట్ఠకథది కాదని స్పష్టం చేయాలి. కూలరు అడుగు, పూలకుండీ కింది పళ్లెం, డాబామీది పాత టైరు, మూతలేని ట్యాంకు: వారానికొకసారి వీటిని ఒలిచి ఆరబెట్టడం వానాకాలంలో చేయగలిగిన వాటిలో అన్నిటికంటె చవకైనది.

వత్తక్ఖంధకం ప్రకారం శౌచకుటి మలినమై ఉంటే చూసినవాడే కడగాలి. నీటికుండ ఖాళీ అయితే నింపాలి. కడగడానికి మరొక కులాన్ని అది నియమించలేదు. థేరగాథలోని సునీత థేరుడు వాడిన పూలు ఊడ్చే వృత్తిలో పుట్టినవాడు. సంఘంలో చేరి అర్హతుడైనాడు. దీనికి భిన్నంగా మన పట్టణాల్లో, రైల్వే కాలనీలు సహా, పాయిఖానాలు శుభ్రం చేసే పని తరాల తరబడి కొన్ని కులాలవారి నెత్తిన పడింది. ఇంటి ఆరోగ్యరక్షణ చరిత్ర రాసేటప్పుడు ఆ చేతుల చరిత్రను వదలివేస్తే మిగిలేది సగం చరిత్రే. చేతులతో మలాన్ని ఎత్తించడాన్ని నిషేధిస్తూ పార్లమెంటు 1993లో ఒకసారి, 2013లో మరింత విస్తృతంగా చట్టాలు చేయవలసి వచ్చింది.

ఇంటి బాగోగులకు బాధ్యుడెవరన్న మొదటి ప్రశ్నకు వినయం ఇచ్చిన సమాధానం నవకమ్మికుడు. దీని పుట్టుక వైశాలిలోని ఒక పేద దర్జీ కథ. భిక్షువులకు విహారం కట్టి ఇవ్వాలని అతడు తానే మట్టి తొక్కి, ఇటుకలు పేర్చి గోడ లేపాడు. పని తెలియక గోడ వంకరపోయి పడిపోయింది. రెండవసారీ, మూడవసారీ పడిపోయింది. చీవరం, భిక్ష ఇచ్చేవారికే ఈ శ్రమణులు సలహాలు చెబుతారు, వాళ్ల పనులే చూస్తారు, నేను పేదవాణ్ణి గనుక నన్ను పట్టించుకొనేవారు లేరని అతడు వాపోయాడు. ఆ ఫిర్యాదును విని, కట్టుబడిని పర్యవేక్షించే భిక్షువును నియమించమని బుద్ధుడు ఆదేశించాడు. ఆ భిక్షువు రెండు పనులు చేయాలి: కట్టడం త్వరగా ఎలా పూర్తవుతుందో చూడాలి, విరిగినదాన్నీ పగిలినదాన్నీ, అనగా ‘ఖండఫుల్లా’న్ని, బాగుచేయించాలి. ఒక పేదవాని పడిపోయిన గోడ నుంచి ఒక పదవి పుట్టింది.

ఆ పదవి తెలుగునేలమీద రాతిలో నిలిచి ఉంది. నాగార్జునకొండలో వీరపురుషదత్తుని పద్నాలుగవ రాజ్యసంవత్సరపు శాసనంలో, ఉపాసిక బోధిశ్రీ చుళధమ్మగిరిమీద కట్టించిన చైత్యగృహం పనిని నడిపించిన ముగ్గురు నవకమ్మిక థేరులు చందముఖుడు, ధమ్మనంది, నాగుడు అని పేర్లు కనిపిస్తాయి. శిల్పి విధికుని పేరూ వారి ప్రక్కనే ఉంది. దాత, పర్యవేక్షకుడు, పనివాడు ముగ్గురినీ ఒకే రాయిమీద నిలిపిన శాసనాలు మనకు మరెన్ని ఉన్నాయి? అమరావతి శాసనాల్లోనూ నవకమ్మికుల ప్రస్తావన ఉంది. ‘ఖండఫుల్లం’ అన్న మాట సంస్కృతంలో ‘ఖండస్ఫుటితం’గా మారి దానశాసనాల్లో శతాబ్దాల పాటు కొనసాగింది. బెంగాల్‌లో 507 నాటి వైన్యగుప్తుని గుణైఘర్ తామ్రశాసనం, విహారంలో విరిగినవీ పగిలినవీ బాగుచేయడానికి భూమిని దానం చేసింది. మరమ్మతు ఖర్చు దానంలోనే భాగమని ఆ దాతలకు తెలుసు. నేడు కొత్త భవనానికి శంకుస్థాపన చేసేవారు దొరికినంత సులువుగా పాత భవనపు తూము బాగుచేయించే దాత దొరకడు.

పదవి ఉన్నచోట దుర్వినియోగమూ ఉంటుంది. సంఘంలో కొందరు ఒక ముద్ద మట్టి పెట్టినందుకో, గోడ ఒక్కసారి అలికినందుకో, తలుపు నిలబెట్టినందుకో ఇరవై ముప్పై ఏళ్లకూ, కొన్నిసార్లు చితిపొగ లేచేదాకా, నవకమ్మం పేరిట ఆ విహారాన్ని తమ పేర రాయించుకొన్నారు. బుద్ధుడు దానిని నిషేధించి, చిన్న విహారానికి అయిదారేళ్లు, అడ్ఢయోగానికి ఏడెనిమిదేళ్లు, పెద్ద విహారానికీ ప్రాసాదానికీ పది పన్నెండేళ్లు అని పనిని చూసి గడువు నిర్ణయించాడు. చేసిన మరమ్మతు నివాసహక్కును ఇస్తుంది, యాజమాన్యాన్ని ఇవ్వదు. రైల్వే క్వార్టర్లలో ఒకప్పుడు ఉండిన ఇన్‌స్పెక్టర్ ఆఫ్ వర్క్స్ అన్న పదవి, జనం నోట ఐ.ఓ.డబ్ల్యూ., నవకమ్మికునికి దూరపు బంధువు. సున్నాలు, తలుపులు, తూములు, పైకప్పు ఆ కార్యాలయం చూడవలసి ఉండేది. ఉద్యోగి పెరట్లో సొంత ఖర్చుతో వేసుకొన్న రేకుల వరండా అతనిదేనా అన్న పేచీ, ఇరవై ముప్పై ఏళ్ల నవకమ్మపు పేచీ, ఒకే జాతివి.

పర్యవేక్షకుడు ఉన్నాడు గదా అని నివాసి చేతులు ముడుచుకోవడానికి వినయం ఒప్పుకోదు. వత్తక్ఖంధకం నివాసికి చెప్పే దినచర్య చాలా చిన్నచిన్న విషయాలతో నిండి ఉంది. గది ఊడ్చేటప్పుడు ముందు సామాను బయటికి తేవాలి. మంచం వంచి, ద్వారబంధానికి తగలకుండా తేవాలి. బూజు ముందు పైనుంచి దులపాలి, ఆ తరువాత మూలలు. గేరుపూత గోడ మరకపడితే తడిగుడ్డ పిండి తుడవాలి. పూతలేని నేలమీద దుమ్ము లేవకుండా నీళ్లు చిలకరించి ఊడవాలి. దుమ్ముగాలి ఏ దిక్కున వస్తే ఆ దిక్కు కిటికీలు మూయాలి. చలికాలంలో పగలు కిటికీలు తెరిచి రాత్రి మూయాలి, వేసవిలో పగలు మూసి రాత్రి తెరవాలి. ఖరగ్‌పూర్ వేసవిలో ఇంతకంటె మంచి సలహా ఎవరూ ఇవ్వలేరు.

నిర్లక్ష్యం ఎంత వేగంగా పనిచేస్తుందో మనవాళ్లు కళ్లారా చూశారు. నాగార్జునకొండ లోయ జలాశయంలో మునిగింది. 1954–60 తవ్వకాల తరువాత కొన్ని కట్టడాలను కొండమీదికీ అనుపుకూ తరలించగలిగాం. ఆ నీటిని ఏ నవకమ్మికుడూ ఆపజాలడు. తొట్లకొండ సంగతి వేరు. వాననీటిని నిలువ చేసుకోవడానికి కొండరాతిలో తొట్లు తొలిపించుకొన్న భిక్షువుల నివాసమది. ఆ తొట్లే కొండకు పేరిచ్చాయి. నీటిని అంత చక్కగా అదుపుచేసిన ఆ కొండమీదనే 2019 అక్టోబరు వానలకు, పునరుద్ధరించిన మహాస్తూపం ఒక పక్క కూలింది. కట్టడంలోకి నీరు చేరితే ఎండకాలంలో కనిపించదు. ఇటుకల మధ్య మట్టి మెల్లగా జారిపోతుంది. ఒక రాత్రి కుంభవృష్టికి పక్క ఒరుగుతుంది. వర్షానికి ముందు పైతలపు పగుళ్లు మూయడం, మొక్కల వేళ్లు తీయడం, నీరు పోయే దారి తెరవడం మొత్తం మీద కొన్ని రోజుల పని.

ట్రాఫిక్ వాడలోని పాత క్వార్టర్లు స్మారక చిహ్నాలుగా ఎవరూ ప్రకటించలేదు. ఒక తరం ఖాళీ చేసి వెళుతుంది, మరొకరి పేర కేటాయింపు వస్తుంది. ఖాళీగా ఉన్న నెలల్లోనే ఇల్లు ఎక్కువ పాడవుతుందన్నది అందరికీ తెలిసినదే: చెద పట్టేదీ, పైపు పగిలేదీ, కిటికీతలుపు ఊడి వాన లోపలికి కొట్టేదీ అప్పుడే. పదిహేనవ పాచిత్తియానికి మూలం కూడ సామాను సర్దకుండా వెళ్లిపోయిన పదిహేడుగురు భిక్షువుల సేనాసనాన్ని చెద తినివేయడం. ప్రయాణమై వెళ్లే భిక్షువు చేయవలసినవి గమికవత్తంలో ఉన్నాయి. కర్ర సామాను, మట్టి సామాను సర్దాలి. తలుపులు, కిటికీలు మూయాలి. ఇంకొక భిక్షువుకో, సామణేరునికో, తోటవానికో, ఉపాసకునికో చెప్పి అప్పగించాలి. ఎవరూ లేకపోతే నాలుగు రాళ్లమీద మంచం పెట్టి, దానిమీద మరో మంచం, పీటమీద పీట, పైన పరుపులు దొంతరగా పేర్చి వెళ్లాలి. విహారం కారుతుంటే, శక్తి ఉంటే, కప్పించాలి. లేదా కప్పించే ప్రయత్నమైనా చేయాలి. కారని చోటు ఒకటి ఉంటే సామాను అక్కడికి మార్చాలి. ఇల్లంతా కారుతుంటే ఊరిలోకి చేర్చాలి. అదీ సాధ్యం కాకపోతే ఆరుబయట నాలుగు రాళ్లమీద పెట్టి, గడ్డో ఆకులో కప్పి వెళ్లాలి. తరువాత వచ్చేవానికి కోళ్లూ పట్టెలూ అయినా మిగులుతాయన్నది అందుకు గ్రంథం చెప్పిన కారణం.